కబురు చేయని బడి

పిలిస్తే రారు. ఫోన్ చేస్తే ఎత్తరు. గ్రూపులో పెడితే చూడరు. ఖాతాలో డబ్బులు పడ్డాయో లేదో కనుక్కోవడానికి మాత్రం బడి దాకా వస్తారు.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఉన్నత పాఠశాల స్టాఫ్‌రూములో పది నిమిషాలు కూర్చున్నా ఈ నాలుగు ముక్కలూ వినబడతాయి. మండల సమావేశాల్లోనూ వినబడతాయి. విద్యా ప్రమాణాల మీద పెద్దలు రాసే వ్యాసాల్లో కాస్త నాజూకు తేలి 'తల్లిదండ్రుల భాగస్వామ్య లోపం' అనే పేరుతో కనబడతాయి. ఇదే ఊళ్లల్లో పుట్టి, చదువుకుని, పట్నం చేరినవాళ్లు మరీ గట్టిగా అంటారు. ఇంతమంది ఇంతకాలంగా అంటూ ఉండేసరికి ఇక దాన్ని ఎవరూ రుజువు అడగడం లేదు.

నేను అడుగుతున్నాను. పత్తి చేలో, మిరప చేలో ఒళ్లు వంచే తల్లికీ తండ్రికీ బిడ్డ చదువు పట్టదనే మాట అబద్ధం. అన్యాయం కూడా. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లల విషయంలో ఆ అబద్ధానికి మనం చెల్లిస్తున్న మూల్యం చాలా ఎక్కువ. ఈ వారం బడిలో పిల్ల ఎట్లా గడిపిందో ఇంటికి చెప్పే ఏర్పాటు మన బళ్లలో లేదు. ఈ వారం ఆ ఇంట్లో ఏం జరిగిందో బడి తెలుసుకునే ఏర్పాటు అంతకన్నా లేదు. దారి వేయకుండా, నడిచి రాలేదని మనుషుల్ని తిడుతున్నాం.

ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. నేను ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, పల్నాటి వైపు ఒక ఊళ్లో, ఏడో తరగతి పిల్లవాడొకడు ఫిబ్రవరిలో మూడు వారాలు బడికి రాలేదు. నెలాఖరున హాజరు తక్కువైన పిల్లల జాబితా పైకి పంపాలి. పేరు, తరగతి, రాని రోజులు, కారణం. కారణం అనే గడిలో 'తల్లిదండ్రుల అశ్రద్ధ' అని రాశాను. ఆ జాబితాలో పదకొండు పేర్లున్నాయి. మొదటి పేరుకు రాసి, మిగతా పదింటికీ కింద డిటో చుక్కలు పెట్టాను.

మార్చిలో ఒక సాయంత్రం వాడి తల్లి బడి గేటు దగ్గర నిలబడి ఉంది. అత్తగారికి పక్షవాతం వచ్చి గుంటూరు పెద్దాసుపత్రిలో పడితే అక్కడ మనిషి తోడు కావాలని ఈమె వెళ్లింది. వాళ్లది కౌలు చేను. కోసిన కాయ కల్లంలో ఉంది. పగలు తిరగెయ్యాలి, మబ్బు పడితే పట్టాలు కప్పాలి, రాత్రి దొంగల భయానికి కాపలా పడుకోవాలి. తండ్రి ఒక్కడూ అటు చేలో కూలీల్ని, ఇటు కల్లంలో కాయను చూసుకోలేక కొడుకును కాపలాకు పెట్టాడు. రాత్రి కల్లంలో పడుకుని పొద్దున్నే బడికి పోతున్నాడనే తల్లి అనుకుంటోంది. ఊరికి తిరిగొచ్చాక సంగతి తెలిసి, ఇంట్లో కాళ్లు కడుక్కోకుండా బడికి వచ్చింది.

"ఒక్క కబురు చేస్తే రానా సారూ? మా అన్నను పంపించి కల్లం చూపించుకునేదాన్ని గదా" అంది.

నా దగ్గర ఆమె ఫోన్ నెంబరు లేదు. తండ్రిది ఉంది. ఒకసారి చేశాను, స్విచాఫ్ అని వచ్చింది, నా పని అయిపోయిందనుకున్నాను. ఆ గడిలో రాయాల్సిన పేరు నాది.

'పిలిస్తే రారు' అనే మొదటి ముక్క దగ్గరికి వద్దాం. ఎప్పుడు పిలుస్తున్నాం? జూన్ 12న బళ్లు తెరుస్తారు. తొలకరి పడితే నల్లరేగడిలో పత్తి గింజ వేసేదీ అప్పుడే. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిరప నారు నాటుతారు. అక్టోబరు చివర పత్తి తీత మొదలవుతుంది. అది పూర్తిగా తెమలకుండానే మిరప తొలి కోత వస్తుంది. అక్కడి నుంచి ఏప్రిల్ దాకా కోత మీద కోత. మిరపకాయను యంత్రం కోయదు, ఒక్కొక్క కాయా చేత్తో తుంచాల్సిందే. అందుకే ఆ నెలల్లో ఈ పల్లెల్లో పగటి పూట ముసలివాళ్లూ చంటిపిల్లలూ తప్ప ఎవరూ కనబడరు. తెల్లారగట్ల వంట చేసి, క్యారేజీ కట్టుకుని, ముఠా మేస్త్రీ ఆటో ఎక్కిన మనిషి పొద్దుగూకే వేళకు గానీ దిగదు. బడి తొమ్మిదింటికి మొదలై నాలుగింటికి ముగుస్తుంది. ఆ తల్లి మెలకువగా, ఊళ్లో ఉన్న గంటల్లో బడికి తాళం ఉంటుంది. బడి తెరిచి ఉన్న గంటల్లో ఆమె చేలో ఉంటుంది.

ఈ లెక్క తెలిసీ మనం పదిన్నరకు సమావేశం పెడతాం. ఆ పదిన్నర ఆమెకు ఒక రోజు కూలి. అంతటితో పోదు కూడా. ఒక రోజు మానితే మర్నాడు మేస్త్రీ ఆ చోట ఇంకొకర్ని ఎక్కించుకుంటాడు, ముఠాలో చోటు మళ్లీ దొరికేదాకా పని వెతుక్కుంటూ తిరగాలి. మనలో ఎవరినైనా, ఒక రోజు జీతం కోసేస్తాం, అయినా వచ్చి రెండు గంటలు ఉపన్యాసాలు వినండి అంటే వస్తామా? సమావేశం రాత్రి ఎనిమిదింటికి పెడితే మేం రాలేమంటారు మన ఉద్యోగులు. అది న్యాయమైన ఇబ్బందే. అవతలి మనిషి ఇబ్బందికి మాత్రం అశ్రద్ధ అని పేరు పెట్టాం.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు వస్తాయి. పిల్లలు మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ఇంటికి చేరతారు. సరిగ్గా మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులవి, ఇంటికి తాళం. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు సాయంత్రం దాకా ఎక్కడుంటున్నారు, కాలువల్లో ఈతలు కొడుతున్నారా, తల్లి వెనకాలే చేనుకు పోయి కాయ తుంచుతున్నారా, ఈ సంగతి బడికీ తెలియదు, ఇంటికీ సగమే తెలుసు. ఎండల జాగ్రత్త కోసం పెట్టిన ఏర్పాటు ఈ నేల పంటకాలంతో ఎక్కడ ఢీకొంటుందో ఒక్కసారైనా తల్లిదండ్రులతో మాట్లాడి ఉంటే తెలిసేది.

రెండో ముక్క, మూడో ముక్క ఫోను గురించి. గ్రూపులో పెట్టాం, చూడలేదు అంటారు. ఆ గ్రూపులు నేను చూశాను. అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టడానికి వీల్లేకుండా సెట్టింగు మార్చి ఉంటుంది. అంటే, తల్లి తిరిగి ఒక్క మాట అడగడానికి వీల్లేని చోటును తయారు చేసి, దానికి 'పేరెంట్స్ గ్రూపు' అని పేరు పెట్టాం. అందులో వచ్చేవేమిటి? పైనుంచి వచ్చిన సర్క్యులర్ పీడీఎఫ్, సగం ఇంగ్లీషులో. ఫార్మేటివ్ పరీక్షల టైంటేబుల్. ఆధార్ నకలు వెంటనే తెచ్చి ఇవ్వవలెను. బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకొనవలెను. సంవత్సరం పొడవునా వెతికినా 'మీ అమ్మాయి ఈ వారం లెక్కల్లో భిన్నాలు తనంతట తను చేసింది' అనే వాక్యం కనబడదు. ఇంటికి వెళ్లేదంతా నోటీసు. మన ఊళ్లల్లో నోటీసు అనే మాటకు ఉన్న అర్థం బ్యాంకు వాళ్లను అడిగితే చెబుతారు. అది వచ్చిందంటే మనిషి బెదురుతాడు, పక్కకు పెడతాడు.

ఇక ఆ నోటీసును చదివేదెవరు? 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రకాశం జిల్లాలో స్త్రీల అక్షరాస్యత 53 శాతం, గుంటూరు జిల్లాలో 60 శాతం. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం. పురుషుల్లో 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి, నిజమే. అయినా ఇంట్లో ఒక్క పెద్ద ఫోను ఉంటే అది తండ్రి జేబులో ఉంటుంది, లేదా ఇంటర్ చదివే కొడుకు చేతిలో ఉంటుంది. బడిలో రాసుకున్న నెంబరు మూడేళ్ల కిందటిది, రీఛార్జి చేయించక ఎప్పుడో ఆగిపోయింది. చదవడం రాని మనిషికి, ఆమె చేతిలో లేని ఫోనుకు, ఆమెకు అర్థం కాని భాషలో పంపి, చూడలేదని నింద వేస్తున్నాం.

ఇదే ఊళ్లల్లో ఇదే ఫోన్ల మీద ఇంకొక సమాచారం ఎట్లా నడుస్తుందో చూడండి. గుంటూరు మిర్చి యార్డుకు సీజనులో రోజుకు లక్ష టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, పైగా సరుకు వస్తుంది. ఆ పూట తేజ ఏ ధర పలికింది, 341 రకం ఎంతకు పోయింది, తాలు కాయను ఎవరైనా కొన్నారా, ఈ మాట మధ్యాహ్నానికల్లా ఎక్కడో వినుకొండ అవతల చేలో ఉన్న రైతుకు తెలిసిపోతుంది. అక్షరం రానివాడికీ తెలుస్తుంది. కోల్డ్ స్టోరేజీ దగ్గర ఉన్న బంధువు చెబుతాడు, కమీషన్ కొట్టులో గుమస్తా ఫోన్ చేస్తాడు, ఎవరో వాయిస్ మెసేజ్ పంపితే చెట్టు కింద పదిమందీ చుట్టూ చేరి వింటారు. ఇందులో మహిమ ఏమీ లేదు. అది నోటి మాటగా వస్తుంది, వాళ్ల భాషలో వస్తుంది, వాళ్ల సరుకు గురించి వస్తుంది, తిరిగి అడిగితే జవాబు చెప్పే మనిషి అవతల ఉన్నాడు. నల్ల తామర పురుగు 2021లో మిరప తోటల మీద పడ్డప్పుడు ఏ మందు పనిచేస్తోంది, ఏది చేయడం లేదు అనే మాట కూడా ఊరి నుంచి ఊరికి ఇట్లాగే పాకింది. సమాచారం పట్టని జనం కాదు వీళ్లు. టిక్కీ ధర గంటల్లో చేరే ఇంటికి ఆ ఇంటి బిడ్డ సంగతి ఏడాదికీ చేరడం లేదంటే లోపం ఆ ఇంట్లో వెతకకూడదు.

నాలుగో ముక్క డబ్బుల గురించి. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే ముక్క. 2020 జనవరిలో అమ్మ ఒడి వచ్చింది, 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, తల్లి ఖాతాలో సొమ్ము వేయడం మాత్రం సాగుతోంది. తల్లికి వందనంలో 15,000 రూపాయలకు 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. ఈ డబ్బు కోసమే పిల్లల్ని పంపుతున్నారని అనేవాళ్లు ఒక లెక్క కట్టి చూడాలి. మిరప కోతల నాలుగు నెలల్లో పన్నెండేళ్ల పిల్లవాడు చేనుకు పోతే ఇంటికి వచ్చే కూలి ఈ సొమ్ముకు తీసిపోదు. డబ్బే కావాలనుకునే తల్లి వాణ్ణి బడికి పంపదు, ఆటో ఎక్కిస్తుంది. ఆ కూలి వదులుకుని యూనిఫాం ఉతికి పంపుతోందంటే అది శ్రద్ధ కాక ఏమిటి?

ఇంకొక సాక్ష్యం రోజూ మన కళ్ల ముందు నుంచే పోతోంది. పొద్దున ఏడున్నరకు ఏ పల్లె రోడ్డు మీద నిలబడినా పసుపు రంగు ప్రైవేటు స్కూలు బస్సులు వరసగా వస్తాయి. వాటిలో ఎక్కేవాళ్లంతా ఆసాముల పిల్లలు కారు. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కట్టిన కౌలు రైతుల పిల్లలు, కూలీల పిల్లలు ఉన్నారు. పిల్లల చదువు పట్టనివాళ్లు అప్పు చేయరు. ఆ బళ్లు తల్లిదండ్రులకు వారం వారం పరీక్ష మార్కులు ఫోనుకు పంపుతాయి. 'చూడండి, అక్కడ చెబుతున్నారు కదా' అని మెచ్చుకునేవాళ్లున్నారు. నేను మెచ్చుకోను. ఇరవై ఐదుకు పదకొండు, సెక్షన్లో ర్యాంకు నలభై రెండు అని రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వచ్చే అంకె ఆ రాత్రి పిల్లవాడి వీపు మీద పడుతుంది. ఎందుకు పదకొండు వచ్చాయో, రేపు ఇంట్లో ఏం చేస్తే మంచిదో అందులో ఉండదు. అయినా తల్లిదండ్రులు ఆ అంకె కోసమే ఎదురు చూస్తారు. కనీసం ఏదో ఒకటి వస్తోంది కదా అని. బిడ్డ గురించిన సంగతి కోసం ఈ మనుషులకు ఎంత ఆకలి ఉందో ఆ ఎదురుచూపులోనే తెలుస్తుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం పెట్టింది. ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి మన పక్కనే బాపట్ల మున్సిపల్ ఉన్నత పాఠశాలకు వచ్చారు. మరుసటి ఏడు జూలై 10న రెండోసారి, డిసెంబరు 5న మూడోసారి జరిగాయి. పిల్లల పక్కన కూర్చుని తల్లులు మధ్యాహ్న భోజనం చేశారు, ముగ్గులు వేశారు, ప్రోగ్రెస్ కార్డులు చేతికి తీసుకున్నారు. రారు, రారు అని మనం శపించిన మనుషులు ఆ రోజుల్లో బడి నిండా ఉన్నారు. డిసెంబరులో పత్తి తీత వదిలి వచ్చారు, జూలైలో గింజ పెట్టే పని వదిలి వచ్చారు. పట్టదనే వాదన ఆ రోజుతోనే ఆగిపోవాల్సింది. ఆగకపోగా, మర్నాటి నుంచి మళ్లీ స్టాఫ్‌రూముల్లో పాత పాటే.

నా ఫిర్యాదు వేరు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో పందిరి వేసి పిలవడం పండగ. పండగ మంచిదే. అయితే పిల్లవాడు బడి మానడం పండగ రోజున మొదలవదు. ఒక మామూలు మంగళవారం మొదలవుతుంది. సోమవారం కల్లం కాపలా, మంగళవారం నిద్ర, బుధవారం 'నిన్న రాలేదేం' అని అడుగుతారన్న భయం, గురువారం ఆ భయం రెట్టింపు. రెండో వారానికి పాఠం అందదు, మూడో వారానికి బడి మీద మనసు విరుగుతుంది. ఆ మొదటి వారంలో ఎవరో ఒకరు ఇంటికి చెప్పాలి. ఆరు నెలల తర్వాత ప్రోగ్రెస్ కార్డులో ఎర్ర సిరాతో చెప్పి లాభం లేదు.

చట్టం కూడా ఇదే అంటోంది. 2009 విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ బిడ్డను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంది. వాళ్లు చేర్పించారు. ఇరవై నాలుగో సెక్షన్ ఉపాధ్యాయుడి విధులు చెబుతూ, తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలిసి హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకున్నంత మేర, పిల్లకు సంబంధించిన ఇతర సంగతులు తెలియజేయాలంది. తెలుసుకోవడానికి రావడం వాళ్ల విధి అని అనలేదు. తెలియజేయడం మన విధి అంది. ఆ సెక్షన్‌ను గోడ మీద రాసిన బడి నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇక్కడ కాస్త గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటేసి పోవడం ధర్మం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఇరవై ఏళ్ల కిందట అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు ఒక అధ్యయనం చేశారు. ఊరూరా సమావేశాలు పెట్టి, విద్యా కమిటీలకున్న అధికారాలు, పిల్లల చదువు స్థాయి తల్లిదండ్రులకు వివరించారు. బళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 'చెప్పినా కదలరు' అనేవాళ్లకు ఇది పెద్ద ఆయుధం. అయితే అక్కడ చెప్పింది కమిటీల గురించి, ఊరి మొత్తం పిల్లల గురించి. ఇది నీ కొడుకు, ఈ వారం రెండు రోజులు రాలేదు అని చెప్పడం వేరే పని. ఆ వేరే పని చేసి చూసినవాళ్లూ ఉన్నారు. చిలీ దేశపు రాజధాని శాంటియాగో ప్రాంతంలో, పేద పిల్లలు చదివే బళ్లలో, నాలుగు నుంచి ఎనిమిదో తరగతి వాళ్ల ఇళ్లకు హాజరు సంగతి వారం వారం, మార్కులూ ప్రవర్తనా నెల నెలా చిన్న చిన్న సందేశాలుగా పంపారు. హాజరూ పెరిగింది, లెక్కల మార్కులూ పెరిగాయి. ఆఫ్రికాలోని బోట్స్వానాలో 2020లో కరోనాకు బళ్లు మూసినప్పుడు కొన్ని ఇళ్లకు ఉత్త సందేశాలు, కొన్ని ఇళ్లకు సందేశంతో పాటు వారానికి ఇరవై నిమిషాల ఫోను చేశారు. ఉత్త సందేశంతో పెద్దగా ఒరిగింది లేదు. మనిషి గొంతు వినబడిన ఇళ్లలో పిల్లలు లెక్కలు నేర్చుకున్నారు. మన గ్రూపు పీడీఎఫ్‌ల గురించి ఇంతకన్నా ఏం చెప్పాలి?

అంత దూరం పోనక్కర్లేదు కూడా. ప్రకాశం జిల్లాకు ఆనుకుని ఉన్న నెల్లూరు జిల్లాలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు అక్కడ బడి రాత్రి పూట పెట్టారు, పగలంతా కూలి చేసే ఆడవాళ్లకు వీలయ్యే వేళలో. వాచకంలో వాళ్ల బతుకే పాఠంగా పెట్టారు. సారా తాగే మొగుడి చేతిలో నలిగిన సీతమ్మ కథ చదివిన ఆ ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు దేశానికి తెలిసింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. చదువు పట్టని జనమని ముద్ర వేయించుకున్న కూలి తల్లులు వీళ్లే. వాళ్ల వేళకు, వాళ్ల మాటలో, వాళ్ల సంగతి చెప్పినందుకు ప్రభుత్వాల్నే కదిలించారు. ఆ తల్లుల మనవరాళ్లే ఇవాళ మన ఏడో తరగతిలో ఉన్నారు.

ఉపాధ్యాయులకు తీరిక ఏదీ అంటారు. ఇందులో నిజం ఉంది, నేను వాళ్ల పక్షమే. కానీ తీరిక ఎక్కడ పోతోందో చూడాలి. హాజరు యాప్‌లో ఎక్కించాలి. భోజనం ఫోటో, గుడ్ల లెక్క, చిక్కీల లెక్క, బియ్యం నిల్వ. ఫలానా దినోత్సవం జరిపినట్టు ఫోటోలు. ప్రతి వారం బడి నుంచి పైకి ఎన్నో సంగతులు పోతాయి, మండలానికి, జిల్లాకు, అమరావతికి. ఎదురు వీధిలో ఉన్న ఇంటికి మాత్రం ఒక్కటీ పోదు. వారానికి ఒకసారి కుటుంబానికి సంగతి చెప్పడం సాధ్యం కాని పనైతే, రోజుకు నాలుగుసార్లు పై అధికారికి చెప్పడం ఎట్లా సాధ్యమవుతోంది? పైవాళ్లు అడుగుతారు, తల్లి అడగలేదు. తేడా అంతే. ఆ నివేదికల్లో సగం తగ్గించి ఆ సమయం ఇంటికి కేటాయించమని సంఘాలు పోరాడాలి. జీతభత్యాల మీద పోరాడినంత గట్టిగా దీని మీదా పోరాడాలి.

ముప్ఫై ఐదు మంది ఉన్న తరగతికి రోజుకు ఏడు ఇళ్లు. ఇంటికి రెండు మూడు నిమిషాలు. ఇరవై నిమిషాల్లో తెమిలిపోతుంది, వారంలో తరగతి మొత్తం వస్తుంది. పొద్దుగూకాక, ఆటో దిగి ఆమె పొయ్యి ముట్టించే వేళకు చేయాలి, ఆ సమయాన్ని డ్యూటీ కింద లెక్కించాలి. పది మంది విషయాలు కలిపి చెప్పదగినవైతే శనివారం సాయంత్రం తరగతి టీచరు గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ చాలు, అదీ తిరిగి అడగడానికి వీలున్న గ్రూపులో. ఫోను లేని ఇంటికి పక్కింటి పిల్ల చేత కబురు. ఆరేడు తరగతుల పిల్లలకు ఇంటి సంగతులన్నీ తెలుసు, నమ్మి చెబితే ఠంచనుగా చేరవేస్తారు.

ఏం చెప్పాలి? మార్కులతో మొదలుపెట్టకూడదు. బడి నుంచి ఫోను వచ్చిందంటే తప్పు జరిగిందనే అనుకుంటారు మనవాళ్లు, ఎందుకంటే ఇంతకాలం తప్పు జరిగినప్పుడే చేశాం. మొదటి నెల ఒక్క ఫిర్యాదూ చేయకుండా చూడాలి. ఈ వారం మీ వాడు సైన్సు గదిలో ఏం చేశాడో చెప్పాలి. ఆ తర్వాత అడగాలి. అడగడమే అసలు పని. పనులు ఎట్లా సాగుతున్నాయి, కోతలు మొదలుపెట్టారా, ఇంట్లో అందరూ బాగున్నారా? మన ఊళ్లల్లో ఏ ఇద్దరు కలిసినా ముందు మాట్లాడుకునేవి ఇవే, బడి ఒక్కటే అడగదు. వచ్చే వారం రెండో కోత ఉందని ముందే తెలిస్తే ఆ వారం పరీక్ష పెట్టకుండా ఉండొచ్చు. నానమ్మ ఆసుపత్రిలో ఉందని తెలిస్తే వెనక బెంచీలో కునికే పిల్లవాణ్ణి నిలబెట్టి కొట్టకుండా ఉండొచ్చు. పంట పోయిన ఏడు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఈ నేలలో బడికి తెలిసి తీరాలి. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ఈ జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు, ఆ తర్వాతా ఎన్నోసార్లు అదే జరిగింది. అట్లాంటి ఇంటి పిల్ల మర్నాడు తరగతికి వస్తే హోంవర్కు ఏదని అడిగిన సార్లు ఉన్నారు. వాళ్లు దుర్మార్గులు కారు. వాళ్లకు తెలియదు.

సుగ్గి పిల్లల గురించి విడిగా చెప్పాలి. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి, తమ పంటలు అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు ఇటు వస్తాయి. చేల గట్ల మీద, రోడ్ల వెంట గుడారాలు వేసుకుని నాలుగు నెలలు ఉంటాయి. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. వాళ్ల వెంట బడి ఈడు పిల్లలు ఉంటారు. అక్కడి బడిలో ఆ పిల్ల 'దీర్ఘకాలం గైర్హాజరు'. ఇక్కడి బడిలో ఏ జాబితాలోనూ లేదు. రెండు బళ్ల మధ్య మాట లేదు. వారం వారం కుటుంబంతో మాట్లాడే అలవాటు అక్కడి టీచరుకు ఉంటే, 'వచ్చే సోమవారం బయల్దేరుతున్నాం, ఫలానా ఊరు పోతున్నాం' అనే ముక్క ముందే చేరుతుంది. ఆ ఊరి బడికి ఒక ఫోను చేస్తే చాలు. సీజనల్ హాస్టళ్లు తెరవడం ప్రభుత్వం పని, ఏ ఇంటి పిల్లలకు ఆ హాస్టల్లో చోటు కావాలో తెలియడానికి మాత్రం ఈ మాట్లాడే మనిషి కావాలి.

ఎనిమిదో తరగతి ఆడపిల్లలది మరీ గడ్డు పరిస్థితి. 2019-20 నాటి అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. అంటే పదిమందిలో ముగ్గురికి. తరగతి గదిలో కూర్చున్న పదిహేనుగురు అమ్మాయిలను చూస్తూ ఈ లెక్క వేసుకోవాలంటే నాకు చేయి ఆడదు. పెళ్లి మాట ఇంట్లో ఒక్క రోజులో పుట్టదు. చిన్నవాణ్ణి చూసుకోవడానికి వారానికి ఒక రోజు ఆగిపోవడంతో మొదలై, తర్వాత రెండు రోజులై, ఎవరో మేనత్త వచ్చి వెళ్లి, అమ్మాయి తరగతిలో మాట తగ్గించి, ఇట్లా నెలల తరబడి సాగుతుంది. ఆ నెలల్లో వారానికి ఒకసారైనా ఆ తల్లితో మాట్లాడే టీచరమ్మ ఉంటే, తల్లే చెబుతుంది. 'వాళ్ల నాన్న ఇట్లా అంటున్నాడు, నువ్వైనా చెప్పమ్మా' అంటుంది. ఆ మాట చెప్పుకోవడానికి తల్లికి ఇప్పుడు బడిలో మనిషి లేదు. మనకు శుభలేఖ అందినప్పుడు తెలుస్తుంది, అప్పుడు రిజిస్టరులో పేరు కొట్టేస్తాం.

ఆ కల్లం కాపలా పిల్లవాడి తల్లి దగ్గర ఆ సాయంత్రం నెంబరు రాసుకున్నాను. ఆమెది చిన్న ఫోను, బొత్తాలది. తర్వాతి శనివారం రాత్రి చేశాను. వాడు వారమంతా వచ్చాడని, తెలుగు పద్యం అప్పజెప్పాడని, లెక్కల్లో మూడు వారాల వెనకబాటు ఉంది కాబట్టి సాయంత్రం ఒక గంట ఆపుతానని చెప్పాను. ఆమె వింటోందో లేదో తెలియనంత నిశ్శబ్దం. వెనక పొయ్యి మీద ఏదో మరుగుతున్న చప్పుడు. మార్కులు అడుగుతుందనుకున్నాను.

"అన్నం తింటున్నాడా సారూ, బళ్లో? వాడు ఎవరి పక్కన కూచుంటాడు?" అంది.

జూన్ నుంచి నా తరగతిలో ఉన్న పిల్లవాడు. రోజూ హాజరు పిలిచినవాణ్ణి నేనే. వాడు ఎవరి పక్కన కూర్చుంటాడో నాకు గుర్తు రాలేదు. సోమవారం చూసి చెబుతానమ్మా అన్నాను.